పెను శూన్యాలలో ఒంటరి గెలాక్సీలు

జ్యేష్ఠమాసంలో రాత్రి తొమ్మిది గంటల వేళ రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుమీద నిలబడి తల పూర్తిగా పైకెత్తి చూస్తే, మబ్బులు లేని పక్షంలో, నడినెత్తిన నారింజవన్నెతో ప్రకాశించే పెద్ద నక్షత్రం ఒకటి కనబడుతుంది. అది స్వాతి. రాజమహేంద్రవరం భూమధ్యరేఖకు 17 డిగ్రీల ఉత్తరాన ఉన్నది. స్వాతి ఖగోళ మధ్యరేఖకు 19 డిగ్రీల ఉత్తరాన ఉన్నది. అందుచేత గోదావరి జిల్లాలవారికి అది నడినెత్తి చుక్క అనవచ్చును. ముత్యపుచిప్పలో పడి ముత్యమయ్యే స్వాతివాన సంగతి వేరు. అది సూర్యుడు ఆ నక్షత్రంలో ఉండే కార్తెకు సంబంధించిన మాట. ఇప్పుడు మనకు కావలసినది చినుకు కాదు, చుక్క.

స్వాతినుండి బయలుదేరిన కాంతి మనలను చేరడానికి 37 సంవత్సరాలు పడుతుంది. స్వాతి ఉన్న నక్షత్రమండలాన్ని తెలుగులో భూతేశమండలమంటారు. చేయి చాచి, స్వాతినుండి ఉత్తరంగా జానెడున్నర కొలిస్తే వచ్చే చోట కంటికి విశేషమేమీ కనబడదు. అక్కడ మినుకుమనే చుక్కలన్నీ మన పాలపుంతకు చెందినవే. కాని ఆ చుక్కలను దాటి, పాలపుంతను దాటి, మరెన్నో గెలాక్సీలను దాటి, 70 కోట్ల కాంతి సంవత్సరాల దూరం పోతే ఒక మహాశూన్యం మధ్యకు చేరుతాము. దాని అడ్డుకొలత సుమారు 30 కోట్ల కాంతి సంవత్సరాలు. అంతటి చోటులో వేలకొలది గెలాక్సీలు ఉండవలసినది. 1997 నాటికి లెక్కకు వచ్చినవి 60 మాత్రమే.

ఇంటర్నెట్టులో ఈ శూన్యం ఛాయాచిత్రమంటూ ఒక నల్లని మచ్చ బొమ్మ ప్రచారంలో ఉన్నది. ఉపాధ్యాయులు దానిని తరగతిలో చూపకుండుట మంచిది. ఆ బొమ్మ మన పాలపుంతలోనే, కొన్ని వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న బర్నార్డ్ 68 అనే ధూళిమేఘానిది. ధూళిమేఘం వెనుకనున్న వెలుగును కప్పివేస్తుంది గనుక నల్లగా ఉంటుంది. పెను శూన్యం దేనినీ కప్పదు. దాని గుండా చూస్తే ఆవలి గెలాక్సీలు చక్కగా కనబడుతాయి. కనబడేవాటిలో ఏది ఈవల ఉన్నది, ఏది ఆవల ఉన్నది తెలియక పోవడం వల్లనే శాస్త్రజ్ఞులు చాలాకాలం ఈ శూన్యాలను గుర్తించలేకపోయినారు. ఈ చిక్కు ఎటువంటిదో తెలుసుకొనడానికి మళ్ళీ గోదావరి సీమకే రావాలి.

రాత్రివేళ కోరుకొండ గుట్టపైనుండి దక్షిణంగా చూసేవానికి దీపాలన్నీ ఒకే గుంపుగా కనబడుతాయి. దూరపు పట్టణంలోని పెద్ద దీపమూ, దగ్గరి పాకలోని చిన్న దీపమూ ఒక్క తీరుగానే మినుకుమంటాయి. ఆ చూపుతో డెల్టా ఆకృతి తెలియదు. అదే విమానంలో పైనుండి చూస్తే సంగతి వేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన తరువాత డెల్టా అంతటా పారిన కాలువల వెంట ఊళ్ళు బారులు తీరి ఉన్నవి. దీపాలు దండలో గుచ్చినట్లు కాలువగట్ల వెంట పోతాయి. తణుకు, భీమవరం, అమలాపురం వంటి పట్టణాల దగ్గర అవి గుత్తులు కడతాయి. నడుమ వరిచేలు చీకటిగా ఉంటాయి. కొల్లేరు దిక్కున మరీ పెద్ద చీకటి. ఆ చీకటిలో ఎక్కడో ఒక లంక మీద, ఒక దిబ్బ మీద, ఒంటిదీపం.

విశ్వంలో గెలాక్సీలు ఉన్న తీరు దాదాపు ఇదే. అవి తీగలుగాను, పలకలుగాను అల్లుకొని, కలిసినచోట గుత్తులై, నడుమ పెద్ద శూన్యాలను విడిచి ఉన్నవి. డెల్టా బల్లపరుపుగా ఉంటుంది, విశ్వమో మూడు కొలతలు గలది. కాబట్టి చేలకు బదులు నురుగులోని బుడగలను ఊహించుకొనాలి. కొల్లేటి ఒంటిదీపం వంటి గెలాక్సీలే ఈ వ్యాసానికి విషయం. గెలాక్సీలకు పూర్వం ఉన్న పేరు కూడ ఇక్కడ తలచుకొనదగినది. జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1755లోనే ఆకాశంలోని మసకమచ్చలు మన పాలపుంతవంటి వేరు వేరు నక్షత్ర సముదాయాలు కావచ్చునని ఊహించాడు. ఆ ఊహకు తరువాత ద్వీపవిశ్వాలనే పేరు స్థిరపడింది. కోనసీమవారైతే లంకలని ఉండేవారు.

ఆ ఊహ రుజువు కావడానికి 170 సంవత్సరాలు పట్టింది. 1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ మౌంట్ విల్సన్ వేధశాలలోని 100 అంగుళాల దూరదర్శినితో దేవయాని నీహారికను ఛాయాచిత్రం తీసి, అందులో ఒక సెఫీడ్ నక్షత్రాన్ని గుర్తించాడు. సెఫీడ్‌లు క్రమంగా హెచ్చుతగ్గులయ్యే వెలుగుగల నక్షత్రాలు. వాటి హెచ్చుతగ్గులకు పట్టే కాలాన్నిబట్టి అసలు కాంతి ఎంతో తెలుస్తుంది; అసలు కాంతిని కనబడే కాంతితో పోలిస్తే దూరం తెలుస్తుంది. దేవయాని మన పాలపుంతకు చాలా వెలుపల ఉన్నదని ఆ విధంగా తేలింది. నేటి లెక్కలో దాని దూరం 25 లక్షల కాంతి సంవత్సరాలు.

తరువాత హబుల్ ఆకాశమంతటా గెలాక్సీలను లెక్కపెట్ట నారంభించాడు. 1934లో ప్రకటించిన లెక్కలో దాదాపు 44,000 గెలాక్సీలు వచ్చినవి. అక్కడక్కడ గుంపులు ఉన్నా, పెద్ద కొలతలో చూస్తే అన్ని దిక్కులా సమంగా చల్లినట్లే ఉన్నవని ఆయన నిర్ణయించాడు. ఆ నిర్ణయం పూర్తిగా తప్పు కాదు. అయితే అది కోరుకొండ గుట్టపైనుండి చెప్పిన నిర్ణయం. గుంపులలో చేరని గెలాక్సీలు చేనంతటా చల్లిన విత్తనాలవలె ఖాళీలలో ఒకే తీరుగా పరచుకొని ఉన్నవనే నమ్మకం ఇంచుమించు 40 సంవత్సరాలు నిలిచింది. విత్తనాలు పడని చోట్లు ఉండవచ్చునని చాలామందికి తోచలేదు.

ఒంటరి గెలాక్సీలకు ప్రత్యేకంగా విలువ ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఈ కథను ఇక్కడ ఆపి హైదరాబాదుకు రావాలి. అక్కడ నవాబు జాఫర్ జంగ్ అనే ప్రభువు 1901లో తన ఎస్టేటులో నెలకొల్పిన వేధశాల ఆయన మరణానంతరం, 1908లో, నిజాం ప్రభుత్వానికి సంక్రమించి నిజామియా వేధశాల అయింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరింది. ప్రపంచంలోని అనేక వేధశాలలు పంచుకొని చేసిన మహాకార్యమైన ఆకాశ ఛాయాచిత్ర పట్టికలో హైదరాబాదు వంతు ఏడున్నర లక్షల పైచిలుకు నక్షత్రాల స్థానాలు. వాటిని పలకల మీద కొలిచి 12 సంపుటాలలో అచ్చువేశారు. 1968లో హైదరాబాదుకు కొంత దూరాన జపాల-రంగాపురం వద్ద 48 అంగుళాల దూరదర్శిని పని ప్రారంభించింది.

ఆ ఉస్మానియాలోనే సాలే మహమ్మద్ అల్లాదీన్ అనే శాస్త్రజ్ఞుడు గెలాక్సీలు ఒకదానితో ఒకటి ఢీకొంటే ఏమవుతుందనే ప్రశ్నను జీవితకాలపు పనిగా పెట్టుకొన్నాడు. ఆయన 1931లో సికింద్రాబాదులో జన్మించి, 1963లో చికాగో విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, తిరిగివచ్చి ఉస్మానియాలో పనిచేశాడు. 2011లో మరణించాడు. ఆయన పనికి దూరదర్శిని అక్కరలేదు. కాగితమూ గణితమూ చాలు.

గెలాక్సీలు ఢీకొనడం అంత తరచుగా జరిగేదా అని విద్యార్థులకు అనుమానం కలుగవచ్చును. ఒక చిన్న లెక్క చూడండి. సూర్యుని అడ్డుకొలత 14 లక్షల కిలోమీటర్లు; సూర్యునికి మిక్కిలి దగ్గరి నక్షత్రం 40 లక్షల కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అంటే నడుమ దాదాపు 3 కోట్ల సూర్యులను వరుసగా పేర్చవచ్చును. నక్షత్రాలు ఢీకొనడం అందుకనే మిక్కిలి అరుదు. మన పాలపుంత అడ్డుకొలత ఒక లక్ష కాంతి సంవత్సరాలు. దేవయాని 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. నడుమ పట్టేవి 25 పాలపుంతలే. కాబట్టి నక్షత్రాలకు లేని ఇరుగుపొరుగు బాధ గెలాక్సీలకు ఉన్నది.

1951లో స్పిట్జర్, బాడే అనే శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని చర్చించి, రెండు గెలాక్సీలు ఢీకొంటే నక్షత్రాలు ఒకదాని నడుమ ఒకటి తగలకుండా దాటిపోతాయనీ, వాయువులు మాత్రం ఢీకొని వెనుక నిలిచిపోతాయనీ చెప్పారు. నక్షత్రాలు తగలకపోయినా గురుత్వాకర్షణ ఊరుకొనదు. రెండు గెలాక్సీలు చొచ్చుకొని పోయేటప్పుడు వాటి ప్రయాణశక్తిలో కొంత భాగం లోపలి నక్షత్రాల చలనానికి మళ్ళుతుంది. ఈ మళ్ళింపు ఎంత అనే లెక్కను అల్లాదీన్ 1965లో అమెరికాలోని ప్రసిద్ధ ఖగోళ భౌతికశాస్త్ర పత్రికలో ప్రకటించాడు. వేగంగా దాటిపోతే మార్పు కొద్దిగానే ఉంటుంది. నెమ్మదిగా కలిస్తే విడిపోయే శక్తి చాలక ఒకటి మరొకదానికి చిక్కి, చివరకు రెండూ ఒకటయిపోవచ్చును. 1982లో నరసింహన్‌తో కలిసి ఆయన ఈ విషయమంతటినీ సమీక్షిస్తూ పెద్ద వ్యాసం వ్రాశాడు. ఈలోగా 1972లో టూమ్రే సోదరులు కంప్యూటర్ల సహాయంతో, గెలాక్సీలనుండి సాగిన పొడవాటి తోకలు ఇట్టి కలయికల గుర్తులేనని చూపారు.

దీనిలో ఒక పెద్ద ఇబ్బంది దాగి ఉన్నది. మనకు కనబడే ప్రతి గెలాక్సీ ఏనాడో ఒక పొరుగుదానిచేత లాగబడినదో, చీల్చబడినదో, దానిని మింగినదో కావచ్చును. అప్పుడు గెలాక్సీ ఆకారంలో ఎంతవరకు పుట్టుకతో వచ్చినది, ఎంతవరకు పొరుగువారివల్ల వచ్చినది? మనుషుల విషయంలో పుట్టుకా పెంపకమా అనే వాదం వంటిదే ఇది. తేల్చాలంటే ఎవరి పొరుగునా లేకుండా పెరిగినవి కొన్ని కావాలి. ప్రయోగశాలలో మందు కలిపిన గొట్టం పక్కన మందు కలపని గొట్టం ఒకటి పెట్టుకొన్నట్లే ఇక్కడ ఒంటరి గెలాక్సీలు అవసరమైనవి.

వాటిని ఏరే పనికి మొదట గట్టిగా పూనుకొన్న శాస్త్రవేత్త వలెంతీనా కరచెంత్సెవా. సోవియట్ యూనియన్‌లో పనిచేస్తూ ఆమె 1973లో 1,051 ఒంటరి గెలాక్సీల పట్టిక ప్రకటించింది. ఆమె పెట్టిన నిబంధన చాలా సులభమైనది. ఒక గెలాక్సీకి దాపున, దానిలో నాలుగోవంతునుండి నాలుగు రెట్ల వరకు అడ్డుకొలత గల మరొక గెలాక్సీ ఏదైనా ఉంటే, ఆ పొరుగుది తన అడ్డుకొలతకు కనీసం 20 రెట్ల దూరంలో ఉండాలి. ఆకాశపు ఛాయాచిత్రాలను కంటితో పరీక్షించి చేసిన పని ఇది.

20 రెట్లు అనే సంఖ్య అర్థమేమో విద్యార్థులు స్వయంగా లెక్క కట్టవచ్చును. పొరుగు గెలాక్సీ అడ్డుకొలత ఒక లక్ష కాంతి సంవత్సరాలైతే 20 రెట్లు 20 లక్షల కాంతి సంవత్సరాలు. అది సెకనుకు 200 కిలోమీటర్ల వేగంతో, అంటే కాంతి వేగంలో 1,500వ వంతుతో వచ్చిపోతున్నదనుకొందాం. అంత దూరం పోవడానికి 20 లక్షలను 1,500 చేత గుణించగా వచ్చిన 300 కోట్ల సంవత్సరాలు పడుతుంది. కాబట్టి ఈ పట్టికలోని గెలాక్సీలు గత 300 కోట్ల సంవత్సరాలుగా పెద్ద పొరుగుల జోక్యం ఎరుగనివి. భూమి వయసే 450 కోట్ల సంవత్సరాలు. స్పెయిన్‌లోని గ్రనడా శాస్త్రజ్ఞులు తరువాత ఈ పట్టికను ఆధునిక పరికరాలతో పరిశీలించి, వీటిలో హైడ్రోజన్ వాయువు ఇతర గెలాక్సీలలో కంటె క్రమమైన ఆకృతితో పరచుకొని ఉన్నదని చూపారు.

అయితే కరచెంత్సెవా పట్టికలోని గెలాక్సీలన్నీ పెను శూన్యాలలో ఉన్నవి కావు. ఊరిచివర చేనిలో ఒక్కటే ఉన్న మకాం ఒంటరిదే. కొల్లేటి నడుమ దిబ్బమీది పాక కూడ ఒంటరిదే. మొదటిదానికి నాలుగు పొలాల ఆవల ఊరున్నది. రెండవదానికి చుట్టూ ఏమీ లేదు. ఆ రెండవ తరగతిని గుర్తించడానికి ముందు కొల్లేరు ఎక్కడున్నదో తెలియాలి గదా.

దానికి కావలసినది దూరాల కొలత. దూరపు గెలాక్సీలలో సెఫీడ్‌లు కనబడవు గనుక మరొక ఉపాయం అవసరమైనది. 1912లో వెస్టో స్లైఫర్ గెలాక్సీల వర్ణపటాలను తీసి వాటి వేగాలను కొలవడం ప్రారంభించాడు. మననుండి దూరంగా పోయేదాని కాంతి ఎరుపు వైపు జరుగుతుంది. దూరమెంత ఎక్కువైతే ఈ జరుగుబాటు అంత ఎక్కువని 1929లో హబుల్ చూపాడు. నేటి లెక్క ప్రకారం ప్రతి 32 లక్షల 60 వేల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు 70 కిలోమీటర్ల చొప్పున వేగం పెరుగుతుంది. సెకనుకు 15,000 కిలోమీటర్ల వేగం గల గెలాక్సీ, ఈ లెక్కన, 70 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉండాలి.

సూత్రం సులభమే; పని మాత్రం మహాకష్టం. ఒక మసక గెలాక్సీ వర్ణపటం ఛాయాచిత్రపు పలకమీద పడాలంటే రాత్రంతా, ఒక్కొక్కప్పుడు రెండు మూడు రాత్రులు, దూరదర్శినిని దానిమీదనే నిలిపి ఉంచాలి. హ్యూమాసన్, మేయాల్, సాండేజ్ అనే ముగ్గురు 1956లో ప్రకటించిన పట్టికలో సుమారు 800 గెలాక్సీల వేగాలు ఉన్నవి. అది 20 సంవత్సరాల శ్రమ. 1970ల నాటికి కాంతిని అనేక రెట్లు పెంచి చూపే ఎలక్ట్రానిక్ గొట్టాలు రావడంతో రాత్రులు గంటలయినవి.

అప్పుడు రెండు చోట్ల, దాదాపు ఒకే కాలంలో, తెర తొలగింది. 1977లో సోవియట్ ఎస్టోనియా రాజధాని తాలిన్‌లో అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సమావేశం జరిగింది. అక్కడ ఐనాస్టో, యొవేర్ అనే ఎస్టోనియా శాస్త్రజ్ఞులు గెలాక్సీలు జల్లెడవలె అల్లుకొని ఉన్నవనీ, కన్నాలు ఖాళీ అనీ చెప్పారు. అమెరికాలో గ్రెగొరీ, థాంప్సన్ కోమా గెలాక్సీగుంపు పరిసరాలలో రెండు వందలకు పైగా గెలాక్సీల దూరాలను కొలిచి, 1978లో అచ్చువేసిన వ్యాసంలో గుంపుకు ఈవల పెద్ద ఖాళీలున్నవని నిస్సంకోచంగా వ్రాశారు. చల్లిన విత్తనాలవంటి గెలాక్సీలను వారు ఆ ఖాళీలలో వెదకి చూశారు, లేవు. ఈ రెండు బృందాలకు రావలసినంత పేరు రాలేదనే చెప్పాలి. సంఖ్యలు చిన్నవి కావడం ఒక కారణం. పాత నమ్మకం బలమైనది కావడం మరొకటి.

అందరి కళ్ళూ తెరిపించినది భూతేశ శూన్యమే. కిర్ష్‌నర్, ఎమ్లర్, షెక్టర్, షెక్ట్‌మన్ అనే నలుగురు ఉత్తరాకాశంలో ఒకదానికొకటి ఎడంగా ఉన్న చిన్న చిన్న చోట్లను ఎన్నుకొని అక్కడి గెలాక్సీల వేగాలను కొలిచారు. వారు శూన్యాల కోసం వెదకలేదు. గెలాక్సీల సగటు సాంద్రత కోసం వెదికారు. బావులు త్రవ్వి భూగర్భజలం లోతు చూసినట్టి పని అది. మూడు బావులలోనూ ఒకే లోతున, అనగా సెకనుకు 12,000 నుండి 18,000 కిలోమీటర్ల వేగాల నడుమ, ఇంచుమించుగా ఏమీ పడలేదు. ఒక బావిలో పడకపోతే కాకతాళీయం అనవచ్చును, మూడింటిలోనూ పడకపోతే అనలేము. 1981లో వారు పది లక్షల ఘన మెగాపార్సెక్కుల శూన్యమంటూ దానిని ప్రకటించారు. తరువాత ఆ నడుమ భాగమంతటా మరెన్నో బావులు త్రవ్వి 1987లో దానిని ధ్రువపరచారు.

ఈలోగా 1986లో లాపరాంట్, గెల్లర్, హుక్రా అనే ముగ్గురు సుమారు 1,100 గెలాక్సీలతో ఆకాశంలోని ఒక పలుచని ముక్క పటం గీచారు. విమానంనుండి డెల్టాను చూడడమంటే అదే. నడుమ కోమా గుంపు మనిషి మొండెంవలె, ఇరువైపుల గెలాక్సీల తీగలు చేతులవలె, చుట్టూ బుడగలవలె శూన్యాలు. ఆ పటం చూసిన తరువాత వాదం ముగిసింది. 2021లో పని ఆరంభించిన డెసి అనే పరికరం ఒకేసారి 5,000 వర్ణపటాలు తీస్తున్నది. పాత ముగ్గురి 20 సంవత్సరాల పట్టిక దానికి ఒక అరగంట పని కూడ కాదు. పుణెలోని ఐయూకా శాస్త్రజ్ఞులు, వారి సహచరులు ఇట్టి సర్వేల సహాయంతోనే 2017లో మీనరాశి దిశలో, 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన, ఒక బ్రహ్మాండమైన గెలాక్సీ గుంపుల సముదాయాన్ని కనుగొని దానికి సరస్వతి అని పేరుపెట్టారు. పాయలన్నీ కలిసినచోటికి నదిపేరు తగినదే.

శూన్యాలు ఎట్లా ఏర్పడ్డాయో డెల్టా రైతుకు చెప్పడం సులభం. పొలంలో మెరక, పల్లం ఉంటాయి. తొలిరోజులలో విశ్వమంతటా పదార్థం దాదాపు సమంగానే ఉన్నా, లక్షకు ఒక వంతు పాటి మెరకలు, పల్లాలు ఉండేవి. పదార్థం ఎక్కువ ఉన్నచోటి ఆకర్షణ ఎక్కువ గనుక అది మరింత పదార్థాన్ని లాగుకొంటుంది. అవి పల్లాలు. తక్కువ ఉన్నచోటు తన దగ్గరిది నిలుపుకొనలేక మరింత ఖాళీ అవుతుంది. అది మెరక. విశ్వవ్యాప్తి కూడ అక్కడ కొంచెం వేగంగా సాగుతుంది. 1,380 కోట్ల సంవత్సరాలలో మెరకలు పెను శూన్యాలైనవి. పల్లాలలో గెలాక్సీల తీగలు నిలిచినవి. నేడు విశ్వపు ఘనపరిమాణంలో అధికభాగం శూన్యాలదే.

అయితే మెరకమీద కూడ అక్కడక్కడ నీటిగుంటలు నిలుస్తాయి. శూన్యాలలోని గెలాక్సీలు అవే. భూతేశ శూన్యంలో మొదట దొరికినవి వర్ణపటంలో ప్రకాశవంతమైన వాయురేఖలు గలవి. కొత్త నక్షత్రాలు చురుకుగా పుట్టేచోట ఆ రేఖలు ఉంటాయి. తరువాత డచ్చి శాస్త్రజ్ఞులు, వారి సహచరులు వేర్వేరు శూన్యాల నడుమనుండి 60 గెలాక్సీలను ఏరి, నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ రేడియో దూరదర్శినితో వాటి హైడ్రోజన్‌ను పరిశీలించారు. మొత్తంమీద ఈ గెలాక్సీలు చిన్నవి, నీలివన్నెవి. వాయువు సమృద్ధిగా ఉన్నవి. 2023లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, శూన్యాలలోని గెలాక్సీలు తమ నక్షత్రాలను ఇతర గెలాక్సీలకంటె నెమ్మదిగా కూర్చుకొన్నవని చూపింది. పొరుగువారి ఒరిపిడి లేనిచోట బ్రతుకు నిదానంగా సాగిందన్నమాట.

ఇంకొక చిక్కు మిగిలి ఉన్నది. 2001లో పీబుల్స్ అనే ప్రసిద్ధ సిద్ధాంతవేత్త ఒక ప్రశ్న లేవదీశాడు. సిద్ధాంతం ప్రకారం శూన్యాలలో పెద్ద గెలాక్సీలు లేకపోయినా మరుగుజ్జు గెలాక్సీలు ఎక్కువగా ఉండాలి గదా, అవి ఏవి? చిన్న గుంటలలో వాయువు చల్లబడి నక్షత్రాలుగా మారలేదు గనుక అవి కనబడడం లేదని కొందరి సమాధానం. అప్పుడు అక్కడ నక్షత్రాలు లేని, కంటికి కనబడని గుంటలు ఎన్నో ఉండాలి. దీనిపై పని సాగుతున్నది.

మన పాలపుంతే భూతేశ శూన్యం నడుమ ఉండి ఉంటే? అట్లా అయితే 1960ల వరకు ఇతర గెలాక్సీలు ఉన్నవనే మనకు తెలిసి ఉండేది కాదని గ్రెగ్ ఆల్డరింగ్ అనే శాస్త్రజ్ఞుడు అన్నాడు. ఈ మాట మిక్కిలి ప్రచారం పొందినది గాని, కొంత సవరించుకొనవలసి ఉన్నది. శూన్యపు అంచు 15 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. అంత దూరపు గెలాక్సీలను మసకమచ్చలుగా చూడడం విలియం హెర్షెల్ కాలపు దూరదర్శినులకే సాధ్యమైన పని. 1929లో హ్యూమాసన్ వేగం కొలిచిన ఎన్.జి.సి. 7619 అనే గెలాక్సీ దాదాపు అంతటి దూరంలోనిదే. దాని వేగం సెకనుకు 3,779 కిలోమీటర్లని వచ్చింది. కాబట్టి మచ్చలు కనబడేవి. వాటి వేగాలు కూడ దొరికేవి. దొరకనిది ఒక్కటే, అవి ఏమిటో చెప్పే సాక్ష్యం. 15 కోట్ల కాంతి సంవత్సరాలు దేవయాని దూరానికి 60 రెట్లు. కాంతి దూరపు వర్గాన్నిబట్టి తగ్గుతుంది గనుక అక్కడి సెఫీడ్‌లు దేవయానిలోని సెఫీడ్‌లకంటె 3,600 రెట్లు మసకగా ఉంటాయి. హబుల్ వాడిన 100 అంగుళాల దూరదర్శినికి అవి అందవు. 1990లో ఆకాశంలోకి పంపిన, ఆయన పేరే పెట్టుకొన్న దూరదర్శినికి గాని అందవు. దేవయాని అనే పొరుగు లేకుండా ఉంటే, ద్వీపవిశ్వాల వాదం మన తాతల కాలం దాటి మన కాలం దాకా తెమలకుండా ఉండేదేమో.

పాలపుంత శూన్యం నడుమ లేదు గాని, శూన్యానికి దూరంగానూ లేదు. 1987లో టల్లీ, ఫిషర్ సమీప గెలాక్సీల పటం తయారుచేస్తూ, మన గుంపు పక్కనే ఒక పెద్ద శూన్యం ఉన్నదని గుర్తించారు. దాని పేరు స్థానిక శూన్యం. అది కనీసం 15 కోట్ల కాంతి సంవత్సరాల మేర ఉన్నది. అంత దగ్గరిది అంత ఆలస్యంగా తెలియడానికి కారణం మన పాలపుంత ధూళి. ఆ శూన్యంలో చాలా భాగం దాని వెనుక పడింది. శ్రావణమాసపు రాత్రి తొమ్మిది గంటలకు, వర్షాలు తెరిపి ఇస్తే, అభిజిత్తుకు దక్షిణంగా, శ్రవణ నక్షత్రానికి పడమరగా చూస్తే ఆ దిక్కు మళ్ళీ గోదావరివారి నడినెత్తినే ఉంటుంది. పాలపుంత ఆ శూన్యపు గట్టున ఉన్నది. గట్టున ఉండడమే కాదు, శూన్యంనుండి సెకనుకు సుమారు 260 కిలోమీటర్ల వేగంతో ఆవలికి కదులుతున్నది. శూన్యం మనలను నెట్టడం లేదు. ఆ వైపునుండి లాగేది లేదు గనుక ఈ వైపు లాగుడే గెలుస్తున్నది.

ఆ స్థానిక శూన్యం లోపల మనకు తెలిసిన ఒంటరి గెలాక్సీ ఒకటి ఉన్నది. దాని పేరు కె.కె. 246. ధనూరాశి దిశలో, సుమారు రెండున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మరుగుజ్జు గెలాక్సీ అది. పెద్ద దూరదర్శినులకు కూడ చిన్న మసకగానే కనబడుతుంది. రేడియో దూరదర్శినితో చూసినప్పుడు మాత్రం ఆ మసక చుట్టూ, దానికి ఎన్నో రెట్ల మేర, హైడ్రోజన్ పళ్ళెంవలె పరచుకొని మెల్లగా తిరుగుతున్నట్లు తెలిసింది. ఆ వాయువును లాగుకొనిపోయే పొరుగు గెలాక్సీ దాని దరిదాపులలో లేదు.